పాత యింటికి క్రొత్త పూత

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలన్నారు. ఈ రెండింటిలోని కష్టమును అందరును ఎరుగుదురు. కాని పెద్దలు చెప్పక విడిచిన మూడవ కష్టమొకటి కలదు. అది పాత యింటిని బాగుచేయించుట. క్రొత్త యిల్లు కట్టించునప్పుడు మేస్త్రీ మన యెదుటనే యుండును. సందేహము కలిగిన అడుగవచ్చును. పాత యిల్లట్లు కాదు. దానిని కట్టించినవారును లేరు, కట్టినవారును లేరు. ఆ గోడ ఏల అంత లావుగా నున్నదో, ఆ చూరు ఏల అంత క్రిందికి దిగినదో చెప్పువారెవ్వరును లేరు. ఆ యింటినే అడిగి తెలిసికొనవలెను. అడుగకుండ పని మొదలుపెట్టినవారిలో నేనొకడను. కాబట్టి ఈ విషయమును గూర్చి మీతో ముచ్చటించుటకు నాకు గల అర్హత నా నేర్పు కాదు, నా పొరపాటు.

మా యిల్లు గోదావరి డెల్టాలో ఒక పల్లెలో నున్నది. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి. అడుగున్నర మందము గల యిటుక గోడలు, గానుగ సున్నముతో కట్టినవి. సున్నమును ఇసుకను గుండ్రని గాడిలో పోసి, ఎడ్లచేత రాతిచక్రమును త్రిప్పించి, వెన్నవలె నూరించెడివారని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. తండ్రిగారు పోయిన పిదప అమ్మ ఆ యింటనే ఒంటరిగా ఉండెను. ఆమె పండుకొను వెనుకగదిలో, గోడ అడుగుభాగమున మోకాలియెత్తు వరకు చెమ్మ యుండెను. పూత పెచ్చులుగా ఊడుచుండెను. 2011వ సంవత్సరమున నేను సెలవు పెట్టి, కొంత సొమ్ము కూడబెట్టుకొని, ఆ గోడను బాగుచేయించుటకు పూనుకొంటిని.

ఏమి చేసితినో వినుడు. పాత సున్నపుపూతను గోడ పొడవునను చెక్కించి, గట్టి సిమెంటుపూత పూయించితిని. దానిమీద మెరయుచుండు ప్లాస్టిక్ రంగు వేయించితిని. బురద యుండరాదని పెరటిలో గోడకు ఆనించి సిమెంటు గచ్చు చేయించితిని. ఊరివారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. అమ్మయు సంతోషించెను. నేను తిరిగి ఉద్యోగమునకు వెళ్ళిపోయితిని.

మొదటి వానకాలము సుఖముగానే గడచినది. రెండవ యేట రంగు నడుమెత్తున పొక్కులెత్తెను. మూడవ యేట ఆ పొక్కులు భుజమెత్తు వరకు ప్రాకినవి. నేను పండుగకు వెళ్ళినప్పుడు అమ్మ మంచము వసారాలో నుండెను. "ఇక్కడ గాలి బాగుందిరా" అని ఆమె అన్నది. నేను నమ్మితిని. ఆ మరుసటి యేడు ఏదో కాగితమునకై వెనుకగది గోడబీరువా తెరచితిని. బూజు వాసన గుప్పుమన్నది. ఆమె పెండ్లిపట్టుచీర అంచు పొడవునను నల్లని మచ్చలు. కొడుకు డబ్బుపోసి చేయించిన గోడకు వంక పెట్టుటకు ఆ తల్లికి నోరు రాలేదు. నా మరమ్మతు ఆమెను ఆమె గదినుండియే వెడలగొట్టినది.

అప్పుడు, సున్నపు పనిలో తల నెరసిన ఒక మేస్త్రీని పిలిపించితిని. ఆయన గోడమీద వ్రేలి కణుపుతో తట్టి చూచి, పెరటిలోనికి పోయి గచ్చును చూచి, తిరిగి వచ్చి ఒక్కమాట అడిగెను: "అబ్బాయిగారూ, ఒళ్ళు తడిసినోడికి రబ్బరు చొక్కా తొడిగితే తడి ఆరుద్దాండీ?" నాకు సమాధానము తోచలేదు. ఈనాటి నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు సమాధానమే.

మన పాత యిండ్లలో అధికభాగమునకు, పునాదికిని గోడకును నడుమ చెమ్మను అడ్డగించు పొర లేదు. నేలలోని నీరు, దీపపు వత్తిలో నూనె ప్రాకునట్లు, ఇటుకలలోని సన్నని రంధ్రముల గుండ పైకి ప్రాకును. మన పూర్వులు దానిని ఆపలేదు. ఆరిపోవుటకు దారి విడిచిరి. సున్నపుపూత చెమ్మను తనలోనుండి పోనిచ్చును. గోడ పీల్చిన నీరు మోకాలి యెత్తుకు వచ్చుసరికి గాలికి ఆరిపోవును. నీటితోపాటు వచ్చిన ఉప్పు పూతపై తెల్లగా పొంగి, కొన్ని యేండ్లకు పూతను రాల్చును. రాలిన చోట మరల పూయుదురు. అనగా ఆ పూత గోడకొరకు తాను అరిగిపోవును. నేను చూచి అసహ్యించుకొన్న పెచ్చులు రోగము కావు. ఇల్లు తన రోగమును వెలుపలికి నెట్టుచుండిన గుర్తులు.

గట్టి సిమెంటుపూతయు, దానిపై ప్లాస్టిక్ రంగును ఆ దారిని మూసివేసినవి. ఆరుటకు చోటులేని నీరు, చోటు దొరకు వరకు పైకి ప్రాకినది. ఉప్పు పూతవెనుక పేరుకొని, రంగును పొక్కించి, చివరకు పూతను ఇటుక పెల్లలతో సహా ఊడలాగినది. పెరటి గచ్చు మరియొక అపకారము చేసెను. అంతకుముందు పెరటి మన్నునుండి ఆవిరియై పోవుచుండిన నీటికి గోడయే దారి యయ్యెను. చూరునుండి పడిన వానచినుకులు గచ్చుపై చిట్లి గోడను తడిపెను.

సిమెంటును నిందించుట నా ఉద్దేశము కాదు. జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఆంగ్లేయుడు 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. అది లేక నేటి వంతెనలు లేవు, మేడలు లేవు. కాని సిమెంటు ఎరుగని కాలమున, 1591లో లేచిన చార్మినారు సున్నముతోనే నిలిచినది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టయు సున్నపు పనియే. రెండును గొప్ప వస్తువులే; స్వభావములు వేరు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు వాయువు పోవును. నీటిలో వేసినచో సలసల క్రాగి మెత్తని ముద్దయగును. గోడకెక్కిన పిదప అది గాలినుండి ఆ వాయువునే మెల్లమెల్లగా తిరిగి గ్రహించి మరల రాయి యగును. దీనికి నెలలు పట్టును. అది మెత్తన, గోడ కొంచెము కదలిన తానును సర్దుకొనును. సిమెంటు నీటితో కలిసి కొన్ని గంటలలో బిగిసి, కొన్ని వారములలో ఉక్కువలె గట్టిపడును, వంగుటెరుగదు. మెత్తని యిటుకపై గట్టి పూత పూసినచో, కదలిక వచ్చినప్పుడు చెడునది ఇటుకయే. పూత యెల్లప్పుడును గోడకంటె మెత్తనిదై యుండవలెనను సూత్రమును మరువకుడు.

ఇక పాత యింటిని బాగుచేయింపదలచినవారు చేయవలసిన పనులను వరుసగా మనవి చేసెదను. వరుసయే ముఖ్యము: మొదట నీరు, పిదప గోడ, చివరకు రంగు. మనలో పెక్కుమంది రంగుతో మొదలుపెట్టుదురు.

మొదటి పని చూచుట. వీలైనచో ఒక వానకాలము పూర్తిగా చూడుడు. గొడుగు వేసికొని వానలోనే యింటి చుట్టును తిరుగుడు. ఏ పెంకు జరిగినది, చూరునీరు ఎక్కడ పడుచున్నది, పడిన నీరు ఎటు పోవుచున్నది, స్నానపుగది తూము ఎక్కడ కారుచున్నది, ఇవన్నియు వ్రాసికొనుడు. వీధిని చూడుడు. రోడ్డు వేసినప్పుడెల్ల పొరమీద పొర వేయుటచే, ఒకనాడు మూడుమెట్లెక్కి పోవలసిన అరుగు నేడు వీధితో సమానమైన యిండ్లెన్నో కలవు. ఆ వీధినీరు గోడలోనికి దిగుచుండగా లోపల ఎంత ఖరీదైన పూత పూసినను వ్యర్థమే.

రెండవది, గోడ జాతి తెలిసికొనుట. పూత రాలిన చోట, ఇటుకల నడుమ అతుకును మేకుతో గీయుడు. తెల్లగా పొడి రాలినచో సున్నము. బూడిదవన్నెతో మేకునకు లొంగనిచో సిమెంటు. వ్రేలితో నలిగి మన్నుగా రాలినచో అది బంకమట్టితో కట్టిన గోడ. మట్టితో కట్టి పైన సున్నము పూసిన గోడలు మన పల్లెలలో చాల గలవు. వానికి నీరు తగిలినచో మిక్కిలి ప్రమాదము. సిమెంటుతో కట్టిన గోడకు సిమెంటుపూత పూయించుటలో తప్పులేదు. నేను చెప్పునది సున్నపు, మట్టి గోడలను గూర్చియే.

మూడవది, నెఱ్ఱెలు. గోడలో పగులున్నచో వెంటనే పూడ్చి దాచకుడు. పగులునకు అడ్డముగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో సన్నని పట్టీ వేసి, దానిపై తేదీ వ్రాయుడు. కొన్ని నెలలైనను పట్టీ చెక్కు చెదరనిచో ఆ పగులు పాతది, పూడ్పవచ్చును. పట్టీ చీలినచో గోడ యింకను కదలుచున్నదన్నమాట. అప్పుడు పిలువవలసినది రంగులవానిని కాదు, ఇంజనీరును. నల్లరేగడి నేలలలో ఎండకు విచ్చి వానకు ముడుచుకొను పగుళ్ళుండును. కాబట్టి ఒక ఋతువు చూచి తీర్పు చెప్పకుడు.

నాలుగవది, నీటిని మళ్ళించుట. చూరునీరు గోడకు దూరముగా పడునట్లు తూములు కట్టింపుడు. గోడనుండి బయటకు నేల వాలుగా నుండవలెను. గోడకు ఆనిన గచ్చు ఉన్నచో ఒక మూరెడు వెడల్పున తీసివేసి, అక్కడ కంకర నింపుడు. అయితే పునాది అడుగు కంటె లోతునకు ఎన్నడును త్రవ్వింపరాదు. కారుచున్న గొట్టములను బాగుచేయింపుడు. ఈ పనులు కంటికి కనబడవు, చుట్టములు మెచ్చుకొనరు. కాని చెమ్మ బాధలో అధికభాగము వీనితోనే తీరును.

అయిదవది, గోడను ఆరనిచ్చుట. గుల్లబారిన పూతను తట్టి గుర్తించి, అంతవరకే తీయింపుడు. గట్టిగా నున్న పాతపూతను ముట్టకుడు. వేసవి మొదట తీయించి, ఆ వేసవియంతయు గోడను బోసిగా విడువుడు. పైకి పొంగిన ఉప్పును పొడి కుంచెతో దులిపి ఎత్తి పారవేయవలెను. నీటితో కడిగినచో అది కరిగి మరల గోడలోనికే పోవును.

ఆరవది, పూత. రాళ్ళసున్నమును నీటిలో వేసి విరియించి, జల్లించి, రెండు వారములకు తక్కువ కాకుండ నీటి అడుగున నాననీయవలెను. సున్నమును నీటిలో వేయవలెను గాని, సున్నపు కుప్పపై నీరు కుమ్మరింపరాదు. చిమ్మి కన్నులలో పడును. పిల్లలను దగ్గరకు రానీయకుడు. కంటిలో పడినచో మంచినీటితో చాలసేపు కడిగి వెంటనే వైద్యునికడకు తీసికొనిపోవలెను. ఒక పాలు సున్నపు ముద్దకు మూడు పాళ్ళు ఉప్పులేని నదియిసుక సామాన్యముగా సరిపోవును. చెమ్మ యెక్కువగా నుండుచోట మెత్తగా కాలిన యిటుకల పొడి కలిపినచో సున్నము తడిలోను గట్టిపడును. దానినే సుర్కి యందురు. మైసూరు ప్రాంతపు కృష్ణరాజసాగరమువంటి పెద్ద ఆనకట్టకును సుర్కియే వాడిరి. గోడను ముందు తడిపి, పలుచని పొరలుగా, పొరపొరకు వ్యవధి యిచ్చి పూయవలెను. ఎండ సోకకుండ తడి గోనెలు వ్రేలాడదీసి, వారము దినములైనను చల్లగా నుంచవలెను. పైన వెల్లవేయుడు. ప్లాస్టిక్ రంగులు, నీరు చొరనీయవని చెప్పు రసాయనములు ఇట్టి గోడకు పనికిరావు.

ఏడవది, కఱ్ఱ. దూలముల కొనలు గోడలో దూరియుండు చోటనే చెమ్మకు చివుకును. సన్నని మేకుతో కొనలను పొడిచి చూడుడు. మెత్తగా దిగినచో ఆలస్యము చేయవలదు. గోడ వెంబడి మట్టిగొట్టములవలె చెదదారులున్నవేమో చూడుడు. మిద్దెపై రావి, మఱ్ఱి మొలకలు పుట్టినచో చిన్నప్పుడే తీయింపవలెను. పెద్దవైనవానిని పెరికినచో వేరుతోపాటు గోడయు వచ్చును. కోసి, వేరును చంపి, సందును సున్నముతో పూడ్పవలెను.

ఎనిమిదవది, బరువు. పాత మిద్దె కారుచున్నదని దానిపై సిమెంటు కాంక్రీటు పొర వేయించుట పలుచోట్ల చూచుచున్నాను. ఒక్క లెక్క చెప్పెదను. పది అడుగుల వెడల్పు, పండ్రెండు అడుగుల పొడవు గల గదిపై మూడంగుళముల కాంక్రీటు వేసినచో దాని బరువు సుమారు 2 టన్నులు. ఇరువది యేనిమిది, ముప్పది మంది మనుష్యులు రేయింబవళ్ళు మీ మిద్దెపై నిలుచున్నట్లు. ఆ దూలములు తాతలనాటివి. వానినడుగకుండ వారిని ఎక్కింపకుడు. అట్లే, రెండు గదులను ఒకటి చేయుటకై నడిమి గోడను తీయించుటకు ముందు, ఆ గోడపై ఏమి ఆనియున్నదో తెలిసినవారిచేత చూపింపుడు. తీసిన గోడను తిరిగి పెట్టుటకు గడువు దొరకకపోవచ్చును.

పాత యింటిలో సిమెంటునకు చోటు లేదా? ఉన్నది. క్రొత్తగా కట్టు స్నానపుగది, నీటితొట్టి, విడిగా లేపు క్రొత్త గది, వీనికి సిమెంటే తగును. అయితే అక్కడను నీటిమాట మరువకుడు. కాంక్రీటు కలుపునప్పుడు నీరెక్కువైనచో బలము తగ్గును. బిగిసిన పిదప నీరు తక్కువైనను బలము తగ్గును. సాధారణ పోర్ట్‌లాండు సిమెంటైనచో ఏడు దినములకు, బూడిద మొదలగునవి కలసిన సిమెంటైనచో పది దినములకు తక్కువ కాకుండ తడిగా నుంచవలెనని మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. తడుపువాడు లేడని రెండు దినములతో ముగించుట, కన్నబిడ్డకు పాలు మాన్పించుటవంటిది.

ఇక సొమ్ము సంగతి. సున్నపు పనిని గుత్తకీయకుడు. గుత్తపనికి తొందర యెక్కువ, సున్నమునకు తొందర పనికిరాదు. రోజుకూలికి పెట్టి, పొరకు పొరకు నడుమ మేస్త్రీ వేరొక పనికి పోవునట్లు ముందే మాట్లాడుకొనుడు. ఏ సరుకు, ఏ కొలత, ఏ పనికి ఎప్పుడు చెల్లింపు, ఇవన్నియు కాగితముపై పెట్టుకొనుడు. ఇది నమ్మకము లేక కాదు, జ్ఞాపకము చాలక. అనుకొన్న సొమ్ములో కొంత ముట్టకుండ ఉంచుకొనుడు. పాతగోడను విప్పినప్పుడు అది దాచిన సంగతి యేదో ఒకటి బయటపడక మానదు. సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రీ దొరికినచో, అతనితో ఒక కుర్రవానిని పనికి పెట్టుడు. గోడ మీకు మిగులును, విద్య ఊరికి మిగులును.

మా యింటి సంగతి చెప్పి ముగించెదను. ఆ వృద్ధ మేస్త్రీ చెప్పినట్లే చేయించితిని. గచ్చు పగులగొట్టించి, కంకర పోయించి, తూములు కట్టించి, నేను పూయించిన సిమెంటునంతయు నా యెదుటనే చెక్కించితిని. వేయించినదానికంటె తీయించుటకు ఎక్కువ దినములు పట్టెను. గోడ ఒక వేసవియంతయు ఇటుకలు బయటపెట్టుకొని నిలిచెను. చూడవచ్చినవారు "ఇదేమి, సగములో ఆపినారు?" అని అడిగిరి. ఆపలేదు; ఆరనిచ్చుచుంటిమి.

నేడా గోడ నునుపుగా లేదు. క్రొత్త పూతకును పాత పూతకును వన్నె కలియలేదు. అడుగున జానెడు మేర, వానకాలములో ఇప్పటికిని కొంచెము చెమ్మ కనబడును. రెండు మూడేండ్లకొకమారు అక్కడ మరల పూయించుచున్నాను. అది యింటికి కట్టవలసిన పన్నని అనుకొందును. పట్టుచీర మచ్చలు మాత్రము పోలేదు. రెండవ వానకాలము గడచిన పిదప ఒకనాడు వెళ్ళి చూచితిని. వసారాలో మంచము లేదు. గాలి బాగుండలేదా అని నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు.

శ్రోతలారా, మీ పాత యింటి గోడపై చేయి వేయుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు. నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? ఏ దారిని పోవుచున్నది? వచ్చు దారిని మూయుడు; పోవు దారిని మూయకుడు. ఈ రెండును తేలిన పిదప రంగు ఎంచుకొనుటకు కావలసినంత వ్యవధి యుండును.